ఎనిమిది మంది, నాలుగు గదులు, ముంబైలో రెండు రాత్రులు

ప్రశ్న: మేడమ్, నమస్తే. ఇంటర్మీడియట్ హాస్టల్‌లో మొదలైన స్నేహం మాది. మాలో ఒకమ్మాయికి ఫిబ్రవరి నెలాఖరులో పెళ్లి. ఆలోపు ఆమెతో రెండు రోజులు ముంబైలో గడపాలని అనుకున్నాం. ఈ రోజుల్లో అందరూ అంటున్న బ్యాచిలరెట్ పార్టీ అనుకోండి. పెళ్లికూతురు, ఆమె చెల్లెలితో కలిపి మొత్తం ఎనిమిది మందిమి. ముగ్గురు హైదరాబాద్ నుంచి, ఇద్దరు బెంగళూరు నుంచి, ఒకరు చెన్నై నుంచి, ఒకరు విజయవాడ నుంచి వస్తారు. డాలస్‌లో ఉండే స్నేహితురాలు పెళ్లి కోసం ముందుగానే హైదరాబాద్ వస్తోంది. సంక్రాంతి వెళ్లగానే వచ్చే శుక్రవారం సాయంత్రం చేరుకుని, ఆదివారం రాత్రికి వెనక్కి బయలుదేరాలని మా ఆలోచన.

గదులు వెతికే బాధ్యత నాది. పెళ్లికూతురితో ఖర్చు పెట్టించకూడదని అనుకున్నాం కాబట్టి మిగిలిన ఏడుగురం తలా 9,000 రూపాయల్లో బస ముగించాలి. యాప్‌లో చూసినప్పుడు ఒక ధర, చివరికి డబ్బు కట్టబోతే ఇంకో ధర కనిపిస్తోంది. ఒకరు బాంద్రా అంటారు, ఒకరు విమానాశ్రయం దగ్గరైతే చౌక అంటారు, ఇంకొకరు ఫ్లాట్ అద్దెకు తీసుకుందామంటారు. మాలో ముంబై చూసినది ఒక్కరే. విజయవాడ అమ్మాయి ఉద్యోగం మానేసి పోటీ పరీక్షలకు చదువుకుంటోంది. గ్రూపులో ఈ మాట వచ్చినప్పుడల్లా ఆమె మౌనంగా ఉండిపోతోంది. డబ్బు గురించేనని నా అనుమానం. పెళ్లికూతురి అమ్మగారేమో ఆడపిల్లలు ఒంటరిగా అంత పెద్ద ఊరికి వెళ్లడమేమిటని భయపడుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: గదుల సంగతి తరువాత. ముందు తేదీ మార్చుకోండి. మీరు ఎంచుకున్న వారాంతమే మీ ఇబ్బందుల్లో సగానికి కారణం.

ముంబై మారథాన్ ఏటా జనవరి మూడో ఆదివారం జరుగుతుంది. సంక్రాంతి వెళ్లగానే వచ్చే ఆదివారం దాదాపు ఎప్పుడూ అదే అవుతుంది. పరుగు కోసం దేశం నలుమూలల నుంచి వచ్చేవాళ్లతో దక్షిణ ముంబై హోటళ్లు ముందే నిండిపోతాయి. ఆదివారం తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా మెరైన్ డ్రైవ్‌తో సహా ముఖ్యమైన రోడ్లు మూసేస్తారు. మీ రెండు రోజుల్లో ఒక ఉదయం అలా పోతుంది. పైగా పండుగకు సొంత ఊళ్లకు వెళ్లినవాళ్లంతా తిరుగు ప్రయాణం పట్టే రోజులవి. విజయవాడ నుంచి, హైదరాబాద్ నుంచి టికెట్ దొరకడమే కష్టం. ఆ తరువాతి వారం గణతంత్ర దినోత్సవం. సెలవు వారాంతానికి ఆనుకుని వస్తే ధరలు మళ్లీ పెరుగుతాయి. జనవరి 26న మద్యం అమ్మకం కూడా ఉండదు. మీరు తాగినా తాగకపోయినా, రాత్రి డ్యాన్స్ కోసం వెళ్లాలనుకున్న చోటు ఆ రోజు మూసి ఉండవచ్చు.

ఫిబ్రవరి మొదటి శని, ఆదివారాలకు జరపండి. పెళ్లి నెలాఖరున కాబట్టి పెళ్లికూతురికి ఇంకా మూడు వారాలు చేతిలో ఉంటాయి. కాలా ఘోడా కళోత్సవం సాధారణంగా జనవరి చివర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో తొమ్మిది రోజులపాటు ఫోర్ట్ ప్రాంతంలో జరుగుతుంది. మీ తేదీలతో కలిస్తే పైసా ఖర్చు లేకుండా ఒక సాయంత్రమంతా గడిచిపోతుంది. వెళ్లేది పెళ్లిళ్ల కాలంలోనే కాబట్టి తేదీ ఖాయమైన వారంలోపే గదులు పట్టుకోండి.

ఇక విజయవాడ అమ్మాయి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసింది ఆమె మౌనమే. గ్రూపులో అందరి ముందూ ‘నీకు ఇబ్బందా?’ అని అడిగితే ‘లేదు’ అనే అంటుంది. ఆ తరువాత ప్రయాణానికి నాలుగు రోజుల ముందు జ్వరం వచ్చిందనో ఇంట్లో పని పడిందనో చెప్పి ఆగిపోతుంది. పెళ్లికూతురికి అది తెలియకుండా ఉండదు. ఒక్క అమ్మాయిని బయట నిలబెట్టి చేసుకునే వేడుక మీలో ఎవరికీ రుచించదని మీ ఉత్తరం చదివితేనే అర్థమవుతోంది.

నేనైతే ఇలా చేస్తాను. సమానంగా పంచుకోవడం అనే పద్ధతిని పూర్తిగా పక్కన పెట్టేస్తాను. గ్రూపులో ఒకే ఒక్క సందేశం పెట్టండి: ‘బసకు మొత్తం 63,000 రూపాయలు కావాలి. ఒక్కొక్కరు కనీసం 5,000 పంపాలి. అంతకు మించి ఎవరి వీలును బట్టి వాళ్లు నా నంబరుకే పంపండి. ఎవరు ఎంత పంపారో నాకు తప్ప ఎవరికీ తెలియదు. మొత్తం పూర్తయ్యాక ఆ మాట మాత్రం చెబుతాను.’ లెక్క ఒకసారి చూడండి. ఏడుగురూ తలా 9,000 పెడితే 63,000. ఒకరు 5,000 మాత్రమే ఇస్తే తగ్గేది 4,000. మిగిలిన ఆరుగురి మీద అది తలా 667 రూపాయలు, మీ ఊళ్లో ఒక సినిమాకు వెళ్లి పాప్‌కార్న్ తింటే అయ్యే ఖర్చు. పెళ్లికూతురి చెల్లెలికి కూడా ఇది ఊరటగానే ఉంటుంది. మీరు మాత్రం ఎవరు ఎంత ఇచ్చారన్నది, పెళ్లయి పదేళ్లు గడిచాక కూడా, నోరు జారి చెప్పకూడదు.

ప్రయాణ ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే విజయవాడ అమ్మాయికి ఒక దారి ఉంది, హైదరాబాద్ వచ్చి రైలెక్కడం. హైదరాబాద్ నుంచి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ మధ్యాహ్నం బయలుదేరి మరుసటి తెల్లవారుజామున ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ చేరుతుంది. ముంబైవాళ్లు సీఎస్‌ఎమ్‌టీ అనే స్టేషన్ అదే. శుక్రవారం ఎక్కితే శనివారం తెల్లవారకముందే దిగుతుంది. అప్పటికే మీరు శుక్రవారం సాయంత్రం నుంచి గదుల్లో ఉంటారు కాబట్టి ఆమె రిసెప్షన్‌లో మధ్యాహ్నం దాకా కూర్చోనవసరం లేదు. ఆమె పేరు ముందే బుకింగ్‌లో ఉండాలి, గుర్తింపు కార్డు ప్రతి ముందే పంపి ఉంచాలి. మీలో ఇద్దరు స్టేషన్‌కు వెళ్లి తీసుకురండి.

అక్కడి నుంచే ప్రాంతం సంగతి మొదలవుతుంది. నా సలహా సూటిగా చెబుతాను: దక్షిణ ముంబైలోని ఫోర్ట్, చర్చ్‌గేట్, కొలాబా. ఈ మూడింటి మధ్యలో ఎక్కడ దొరికినా సరే.

కారణం మీ ఉత్తరంలోనే ఉంది. మీలో ఏడుగురు ముంబై చూడలేదు. మొదటిసారి వెళ్లేవాళ్లు చూడాలనుకునే గేట్‌వే ఆఫ్ ఇండియా, కొలాబా కాజ్‌వే, సీఎస్‌ఎమ్‌టీ భవనం, ఓవల్ మైదానం, మెరైన్ డ్రైవ్ అన్నీ అక్కడ నడిచి వెళ్లే దూరంలోనో, టాక్సీలో పది నిమిషాల్లోనో ఉన్నాయి. ఓవల్ మైదానానికి ఒక పక్క విక్టోరియా కాలపు గోపురాలు, మరో పక్క 1930ల నాటి ఆర్ట్ డెకో అనే శైలి భవనాలు ఉంటాయి. యునెస్కో 2018లో ఈ రెండు వరుసలనూ కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మెరైన్ డ్రైవ్ గట్టు మీద రాత్రి పదకొండు దాటినా కుటుంబాలు, పిల్లలు, ముసలివాళ్లు కూర్చుని కనిపిస్తారు. ఎనిమిది మంది ఆడపిల్లలు వరుసగా కూర్చుని సముద్రం చూస్తూ మాట్లాడుకుంటుంటే ఎవరూ వింతగా చూడరు. పెళ్లికూతురికి మీరు ఇవ్వగలిగిన వాటిలో అది అన్నిటికన్నా చౌక. నా మటుకు అదే అన్నిటికన్నా గొప్పది కూడా.

విమానాశ్రయం దగ్గర, అంటే అంధేరి తూర్పు, సహార్, మరోల్ వైపు, గదులు చౌకగా దొరికే మాట నిజమే. అవి ఎక్కువగా కంపెనీల పని మీద వచ్చేవాళ్ల కోసం కట్టిన హోటళ్లు. శుక్రవారం సాయంత్రానికి వాళ్లు వెళ్లిపోతారు కాబట్టి శని, ఆదివారాల్లో ధర తగ్గిస్తారు. కార్యాలయాలు ఎక్కువగా ఉండే బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లోనూ ఇదే తీరు. కానీ మీరు రోజూ దక్షిణానికి వచ్చి పోవాలంటే రద్దీలో ఒక్కో వైపు గంటకు పైనే పడుతుంది. ఎనిమిది మందికి రెండు కార్లు కావాలి. గదిలో మిగిలించినది దారిలో ఖర్చవుతుంది, ఉన్న రెండు రోజుల్లో సగం పూట కారులోనే గడుస్తుంది. బాంద్రా అందమైన చోటే. కార్టర్ రోడ్డు, బ్యాండ్‌స్టాండ్, చిన్న చిన్న కెఫేలు ఎంత తిరిగినా తనివి తీరదు. అయితే మీ బడ్జెట్‌లో నాలుగు మంచి గదులు ఒకేచోట దొరకడం అక్కడ కష్టం. శనివారం మధ్యాహ్నం వెళ్లి సాయంత్రం దాకా తిరిగి రండి. చర్చ్‌గేట్ నుంచి లోకల్ రైల్లో మహిళల పెట్టె ఎక్కితే బాంద్రా చేరడం సులువు. వచ్చేటప్పుడు చీకటి పడితే కోస్టల్ రోడ్డు మీదుగా కారులో రండి.

హైదరాబాద్ అలవాటు కొద్దీ అనుకునే మాట ఒకటుంది: ‘ఆటోలో పోదాంలే’. దక్షిణ ముంబైలో ఆటోలు లేవు. బాంద్రా, సయన్ దాటి దక్షిణానికి వాటికి అనుమతి లేదు. అక్కడ నలుపు, పసుపు రంగుల టాక్సీలు, యాప్ కార్లే. విమానాశ్రయం రెండో టెర్మినల్ నుంచి కఫ్ పరేడ్ దాకా భూగర్భ మెట్రో 2025 అక్టోబరులో పూర్తిగా అందుబాటులోకి వచ్చింది. చర్చ్‌గేట్‌లో, సీఎస్‌ఎమ్‌టీలో, హుతాత్మా చౌక్‌లో ఆగుతుంది. సామాను తక్కువగా ఉన్న హైదరాబాద్, చెన్నై అమ్మాయిలు ట్రాఫిక్ బెడద లేకుండా దానిలోనే వచ్చేయవచ్చు. కాకపోతే అది రాత్రంతా నడవదు. పది దాటాక దిగేవాళ్లు కారే మాట్లాడుకోవాలి.

టికెట్లు కొనేటప్పుడు ప్రతి ఒక్కరూ విమానాశ్రయం పేరు చదవాలి. నవీ ముంబై విమానాశ్రయం నుంచి 2025 డిసెంబరు చివరి వారంలో విమానాలు మొదలయ్యాయి. అది పన్వేల్ దగ్గర, సముద్రపు పాయకు అవతల ఉంది. అటల్ సేతు మీదుగా నగరంలోకి రావచ్చు కానీ టోలు, కారు కిరాయి కలిపి ఖర్చు ఎక్కువే. కొంచెం చౌకగా ఉందని బెంగళూరు అమ్మాయిలు అక్కడికి టికెట్ తీసుకుంటే, ఆ మిగులు కాస్తా కారుకు పోతుంది.

ఇప్పుడు యాప్‌లో ధర మారిపోతోందన్న మీ ఫిర్యాదు. అక్కడ మీరు తప్పక తెలుసుకోవలసిన గీత ఒకటుంది: 7,500 రూపాయలు. ఒక గదికి ఒక రాత్రికి 7,500 దాకా ఉంటే జీఎస్టీ 5 శాతం. 2025 సెప్టెంబరు 22కు ముందు ఇది 12 శాతం ఉండేది. 7,500 దాటితే 18 శాతం. అంటే 7,500 రూపాయల గది మీకు 7,875కు వస్తుంది. 7,600 రూపాయల గది 8,968 అవుతుంది. పైకి వంద రూపాయల తేడాలా కనిపించేది, చేతికి వచ్చేసరికి 1,093 రూపాయల తేడా. నాలుగు గదులు, రెండు రాత్రులు అంటే ఎనిమిది గది-రాత్రులు కాబట్టి 8,744 రూపాయలు. దాదాపు ఒకరి వాటా మొత్తం. యాప్‌లో మొదట కనిపించేది చాలాసార్లు పన్ను కలపని ధర. పన్నుతో కలిపి చూపించే ఎంపిక ఉంటే దాన్ని నొక్కి, ఆ తరువాతే పోల్చండి.

మీ 63,000కు 7,500 రూపాయల గదులు నాలుగు, రెండు రాత్రులకు సరిగ్గా సరిపోతాయి. అయినా నేను అలా తీసుకోను. నాలుగు గదులూ ఒకేలా ఉంటే ఎనిమిది మందీ కలిసి కూర్చోవడానికి ఒక్క చోటూ ఉండదు. ముంబై హోటల్ గదులు చిన్నవి. మంచం, చిన్న బల్ల, ఒక కుర్చీ, అంతే. ఎనిమిది మంది అక్కడ నిలబడగలరు గాని కూర్చోలేరు. మీరు వెళ్తున్నది దేనికి? పగలు తిరిగినా, రాత్రి తిరిగి వచ్చి, ముఖాలు కడుక్కుని, జడలు వదులు చేసుకుని, హాస్టల్ రోజుల్లోలాగా నేల మీద చేరి రెండింటిదాకా మాట్లాడుకోవడానికే. పెళ్లికూతురు తన భయాలు, తన ఆశలు చెప్పుకునేది ఆ వేళలోనే. ఆ కూర్చునే చోటును ముందు కొనండి, మిగిలిన గదులను దాని చుట్టూ అమర్చండి.

ఎలాగంటే, మూడు మామూలు గదులు, ఒక పెద్ద గది. పెద్ద గదిని కొన్ని హోటళ్లు సూట్ అంటాయి, కొన్ని ఫ్యామిలీ రూమ్ అంటాయి. మామూలు గదులు 6,000 చొప్పున దొరికితే పన్నుతో 6,300, మూడింటికి 18,900. పెద్ద గది 10,500 అయితే 18 శాతం పన్నుతో 12,390. రాత్రికి 31,290, రెండు రాత్రులకు 62,580. మీ 63,000 లోపే. పన్ను శాతం ఏ గదికి ఆ గదికే వేస్తారు కాబట్టి పెద్ద గది ధర వల్ల మిగిలిన మూడింటి పన్ను పెరగదు. ఈ లెక్క కాగితం మీద రాసుకుని, దొరికిన హోటల్ ధరలు అందులో వేసి చూడండి. పెద్ద గదిలో పెళ్లికూతురు, మీరు పడుకోండి. చెల్లెలిని వేరే గదిలో పెట్టండి. అక్కకు సంబంధించిన కొన్ని కబుర్లు చెల్లెలి ముందు సాగవు. త్వరగా నిద్రపోయేవాళ్లను ఒకే గదిలో జత చేయండి.

మూడు గదుల్లో ముగ్గురు చొప్పున సర్దుకుంటే చౌక కదా అని మీలో ఎవరో అంటారు. ముగ్గురు పెద్దవాళ్లను ఒక గదిలో ఉండనిచ్చే హోటళ్లు ఉన్నాయి, అదనపు మంచానికి వేరే డబ్బు తీసుకుంటాయి. ఆ మంచం చాలాచోట్ల మడత మంచమో, నేల మీద పరుపో అయి ఉంటుంది. అంతకన్నా పెద్ద చిక్కు స్నానాల గది. శనివారం సాయంత్రం ఎనిమిది మంది ఒకే సమయానికి తయారు కావాలి. మూడు స్నానాల గదులతో అది గంటన్నర పని. డబ్బు మరీ బిగుసుకుంటే తప్ప ఆ దారి పట్టకండి.

ఫ్లాట్ మాటకొస్తే, హాలు, వంటగది, అందరూ ఒకే చోట ఉండటం వినడానికి బాగానే ఉంటుంది. ముంబైలో ఫ్లాట్ అంటే దాదాపు ఎప్పుడూ ఒక హౌసింగ్ సొసైటీలో భాగం. రెండు రోజుల అతిథులు రావడం చాలా సొసైటీలకు ఇష్టం ఉండదు. గేటు దగ్గర కాపలాదారు ఆపుతాడు, రాత్రి నవ్వులు వినిపిస్తే పక్కింటివాళ్లు కార్యదర్శికి ఫోను చేస్తారు. యజమాని ఊళ్లో ఉండడు. అర్ధరాత్రి ఏసీ పనిచేయకపోయినా, ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోయినా కిందికి ఫోను చేస్తే మనిషి వచ్చే ఏర్పాటు హోటల్‌లో ఉంటుంది, అక్కడ ఉండదు. పెళ్లికూతురి అమ్మగారి భయం సంగతి కూడా ఆలోచిస్తే, ఈసారికి హోటలే.

దక్షిణ ముంబైలో హోటల్ ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త. ఫోర్ట్, కొలాబాలలో చాలా చిన్న హోటళ్లు పాత భవనాల్లో ఒకటి రెండు అంతస్తుల్లోనే నడుస్తాయి. ఎత్తైన పైకప్పులు, పెద్ద కిటికీలతో గదులు ముచ్చటగా ఉంటాయి. కానీ లిఫ్టు లేకపోవచ్చు, ఉన్నా రాత్రిపూట ఆపేయవచ్చు. మెట్ల దారి, ప్రవేశ ద్వారం వేరే కార్యాలయాలతో కలిసి ఉండవచ్చు. రిసెప్షన్‌లో రాత్రంతా మనిషి ఉంటాడో లేదో తప్పక అడగండి. సమీక్షలు చదివేటప్పుడు నక్షత్రాల సంఖ్య వదిలేసి, ఆడవాళ్లు ఒంటరిగా గాని స్నేహితురాళ్లతో గాని వెళ్లి రాసినవి, అవి కూడా గత ఆరు నెలల్లోవి చూడండి. స్నానాల గది ఫొటో అతిథులు తీసినది దొరికితే, హోటల్ పెట్టిన పది ఫొటోల కన్నా అది నమ్మదగ్గది.

అలా మూడు హోటళ్లు తేల్చుకున్నాక యాప్ మూసేసి ఫోను తీయండి. యాప్‌లో నాలుగు గదులు విడివిడిగా బుక్ చేస్తే హోటల్ వాటిని నాలుగు వేర్వేరు కుటుంబాలుగా చూస్తుంది. ఒక గది రెండో అంతస్తులో, ఒకటి ఆరో అంతస్తులో వస్తుంది. నేరుగా మాట్లాడితే ఒకే పేరు మీద నాలుగు గదులు రాసుకుంటారు. బృందానికి ఇచ్చే ప్రత్యేక ధర సాధారణంగా ఇంకా ఎక్కువ గదులు తీసుకునేవాళ్లకే ఇస్తారు. నాలుగింటికి అది రాకపోవచ్చు. ధర తగ్గించకపోయినా వాళ్లు సులువుగా ఇవ్వగలిగినవి వేరే ఉన్నాయి: ఉదయం టిఫిను, ఒకే అంతస్తు, ఆదివారం ఆలస్యంగా ఖాళీ చేసే వీలు. వాటిని అడగండి. యాప్‌లో కనిపించిన ధర చెప్పి, ‘దీనికే ఇస్తే మీ దగ్గరే నేరుగా బుక్ చేస్తాం’ అనండి. యాప్‌కు కట్టే కమిషన్ మిగులుతుంది కాబట్టి చాలామంది ఒప్పుకుంటారు.

రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి రాని ధర కొంచెం తక్కువ ఉంటుంది. ఎనిమిది మంది బృందానికి అది వద్దు. ఎవరికో ఒకరికి సెలవు దొరకదు, ఎవరింట్లోనో ఒకరికి ఒంట్లో బాగుండదు. రెండు మూడు రోజుల ముందు దాకా ఉచితంగా రద్దు చేసుకోగలిగిన బుకింగే తీసుకోండి. ఆ గడువు తేదీని గ్రూపులో పెట్టి, ‘దీని తరువాత రాలేకపోయినవాళ్ల వాటా తిరిగి ఇవ్వలేను’ అని ఇప్పుడే చెప్పండి. ముందే చెబితే అది మామూలు మాట. జరిగాక చెబితే గొడవ.

గుర్తింపు కార్డుల సంగతి మీలో ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది. బుక్ చేసినవాళ్లవి మాత్రమే చూపిస్తే చాలదు, ఎనిమిది మందివీ అడుగుతారు. చిరునామా ఉన్నది కావాలి కాబట్టి పాన్ కార్డు పనికిరాదు. ఆధార్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్‌లలో ఏదో ఒకటి తీసుకెళ్లండి. ఆధార్ ఇచ్చేవాళ్లు మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్డ్ ఆధార్ తీసుకుని ఆ ప్రతే ఇవ్వండి. డాలస్ అమ్మాయికి అమెరికా పాస్‌పోర్ట్ ఉంటే, విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డుతో పాటు పాస్‌పోర్ట్ కూడా వెంట ఉండాలి. విదేశీ పౌరులు దిగినప్పుడు హోటల్ వాళ్ల వివరాలు 24 గంటల్లోగా అధికారులకు పంపాలి. కొన్ని చిన్న హోటళ్లు ఆ ఏర్పాటు లేక విదేశీ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లను తీసుకోవు. ఇది ఫోనులోనే తేల్చుకోండి, రాత్రి తొమ్మిదింటికి రిసెప్షన్ దగ్గర కాదు. పెళ్లికూతురి చెల్లెలి వయసు కూడా చూసుకోండి. మహారాష్ట్రలో బీరుకు 21 ఏళ్లు, విస్కీ లాంటి ఘాటు మద్యానికి 25 ఏళ్లు నిండాలి. శనివారం రాత్రి వెళ్లాలనుకున్న చోట తలుపు దగ్గరే వయసు అడిగి ఆమెను ఆపేస్తే మీ అందరి సాయంత్రమూ చెడుతుంది. ముందే ఫోను చేసి, ఆమెను లోపలికి రానిచ్చే చోటే ఎంచుకోండి.

ఇక అమ్మగారు. ఆవిడ భయాన్ని ‘పాతకాలపు ఆలోచన’ అని తోసెయ్యకండి. పెళ్లి కుదిరిన కూతురు, మూడు వారాల్లో ముహూర్తం, మధ్యలో తెలియని ఊరు. ఏ తల్లికైనా గుండె దడగానే ఉంటుంది. ‘ఏమీ కాదులెండి, ఆంటీ’ అనే మాటతో ఆవిడకు నిద్ర పట్టదు. కాగితం మీద వివరాలు ఉంటే పడుతుంది. హోటల్ పేరు, రిసెప్షన్ నంబరు, మీ ఎనిమిది మంది నంబర్లు, రాకపోకల వివరాలు ఒక పేజీలో రాసి, ఫోనులో పంపడంతో సరిపెట్టకుండా ఇంటికి వెళ్లి చేతికి ఇవ్వండి. ముంబైలో తరతరాలుగా తెలుగువాళ్లున్నారు. కామాఠీపురలో ఉన్నారు, పక్కనే భివండిలో మన నేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మీ ఎనిమిది ఇళ్లలో ఎవరికో ఒకరికి అక్కడ పిన్నిగారో బాబాయిగారో ఉండే అవకాశం చాలా ఎక్కువ. వాళ్లింట్లో దిగమని నేను చెప్పడం లేదు. అవసరమైతే గంటలో వచ్చే మనిషి ఒకరు ఆ ఊళ్లో ఉన్నారని అమ్మగారికి తెలిస్తే చాలు. రోజుకు రెండుసార్లు, ఉదయం టిఫిను దగ్గర ఒకసారి, రాత్రి గదికి చేరాక ఒకసారి, పెళ్లికూతురే స్వయంగా ఫోను చేయాలని ఒప్పందం చేసుకోండి. మధ్యలో ఎవరూ చేయనవసరం లేదు.

హోటల్‌లో దిగేటప్పుడు గది నంబర్లు పైకి చదవకుండా కార్డు మీద రాసి ఇమ్మనండి. ఏ ఇద్దరూ ఒకరికొకరు చెప్పకుండా బయటికి వెళ్లకూడదు. అత్యవసరమైతే 112.

ఇన్ని మాటలు ఫోనులో మాట్లాడి వదిలేస్తే లాభం లేదు. మాట్లాడిన మనిషి మీరు దిగే రోజు డ్యూటీలో ఉండడు. అందుకని ఫోను పెట్టేయగానే హోటల్‌కు ఒక ఈమెయిల్ పంపండి. అందులో ఇవన్నీ ఉండాలి: తేదీలు, నాలుగు గదులు, ఎవరెవరు ఏ గదిలో, మూడు గదుల్లో విడివిడి మంచాలు, పెద్ద గదిలో ఎనిమిది మంది రాత్రి కూర్చుని మాట్లాడుకుంటామన్న సంగతి, అన్నీ ఒకే అంతస్తులో, వీలైతే వరండా చివర, పన్నుతో కలిపి మొత్తం ఎంత, టిఫిను అందులో ఉందా, రద్దుకు చివరి తేదీ ఏది, దిగేటప్పుడు ఒక్కో గదికి ఎంత డిపాజిట్ పట్టి ఉంచుతారు, బయటి నుంచి కేకు తెచ్చుకోవచ్చా, గోడకు బెలూన్లు అంటిస్తే జరిమానా ఉందా, శనివారం తెల్లవారుజామున వచ్చే ఎనిమిదో మనిషిని లోపలికి రానిస్తారా, విదేశీ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లను తీసుకుంటారా, ఆదివారం గదులు ఖాళీ చేశాక సాయంత్రం దాకా సామాను ఎక్కడ పెట్టుకోవాలి. జవాబు రాతపూర్వకంగా వచ్చాకే అడ్వాన్సు కట్టండి. గదులు బృందాలకు ఇచ్చే సేల్స్ విభాగం సాధారణంగా శని, ఆదివారాల్లో పనిచేయదు కాబట్టి ఫోను, ఈమెయిల్ రెండూ మంగళవారమో బుధవారమో మధ్యాహ్నం పెట్టుకోండి. రెండు రోజుల్లో జవాబు రాకపోతే ఆ హోటల్‌ను వదిలేసి జాబితాలో రెండోదానికి ఫోను చేయండి.